గ్రాంట్ రోడ్ గాలి, పాలమూరు ఆకు



2016 జూన్ 22 ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ-34 రాకెట్ లేచింది. ఒకే రాకెట్ మీద 20 ఉపగ్రహాలు వెళ్లాయని దేశమంతా సంబరపడింది. వాటిలో పెద్దది మన కార్టోశాట్. దాని వెంట వెళ్లినవాటిలో కెనడాకు చెందిన జీహెచ్‌జీశాట్ అనే కంపెనీ చేసిన చిన్న ఉపగ్రహం ఒకటుంది. పేరు క్లేర్, బరువు పాతిక కిలోల పైచిలుకు. దానికి అప్పగించిన పని కొత్తది. భూమ్మీద ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా గని, ఫలానా చెత్తగుట్ట అని విడివిడిగా గురిపెట్టి, ఒక్కోదాని మీద నుంచి మీథేన్ వాయువు ఎంత లేస్తోందో చూడాలి. అంతకుముందు దేశాల మీది గాలిని, సముద్రాల మీది గాలిని కొలిచిన ఉపగ్రహాలున్నాయి. ఒక్క ఆవరణను వేలెత్తి చూపగలిగే ఉపగ్రహం మాత్రం మన తెలుగు తీరం నుంచే పైకి వెళ్లింది.

ఆరేళ్లు గడిచాయి. 2022 ఆగస్టులో నెదర్లాండ్స్ అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన యోహానెస్ మాసకర్స్, ఆయన సహచరులు సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నాలుగు నగరాల మీది మీథేన్‌ను పై నుంచి కొలిచిన పని అది. బ్యూనస్ ఎయిరిస్, ఢిల్లీ, లాహోర్, నాలుగోది మనముంటున్న ముంబయి. ముందు ఐరోపా వాళ్ల సెంటినెల్-5పీ ఉపగ్రహంతో నగరాలను మొత్తంగా చూశారు. ఆ తర్వాత జీహెచ్‌జీశాట్ కంపెనీ ఉపగ్రహాలను చెత్తగుట్టల మీదికి తిప్పారు. ముంబయిలో వాళ్లు కొలిచిన చెత్తగుట్ట ఒక్కదాని నుంచే గంటకు దాదాపు 9.8 టన్నుల మీథేన్ లేస్తోందని తేలింది. అదే తీరున ఏడాది పొడవునా లేస్తే 85 వేల టన్నులు. ఇంకో మాట కూడా తేలింది. ఈ నగరాల మీథేన్, అప్పటిదాకా శాస్త్రవేత్తలూ ప్రభుత్వాలూ వాడుతూ వచ్చిన కాగితం లెక్కలకంటే 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువ.

ఈ సంగతి గ్రాంట్ రోడ్, కామాఠీపురా తెలుగువాళ్లతో కూర్చుని మాట్లాడాలని నాకు చాలాకాలంగా ఉంది. నిజాం ఇలాకా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మన కూలీలు, కామాఠీలు, ఈ నగరం రోడ్లు వేశారు, పునాదులు తవ్వారు, రాళ్లు మోశారు. వాళ్లు కాపురమున్న పేటకు వాళ్ల పేరే నిలిచింది. తరాలు మారినా ఒక అలవాటు పోలేదు. ఖోలీ ఇక్కడ, చెలక అక్కడ. నారాయణపేట వైపో మక్తల్ వైపో రెండెకరాలు తమ్ముడి చేతిలో పెట్టి, ఇక్కడ తెల్లారగానే కూలి పని కోసం నాకా మీద నిలబడేవాళ్లు మనలో ఎంతమంది లేరు? వాన పడిందా అని ఫోన్లో అడిగేది అక్కడి ఆకు కోసం. కిటికీ మూసుకునేది ఇక్కడి పొగకు. ఇవాళ నేను చెప్పబోయే పరికరాలు సరిగ్గా ఈ రెండింటినీ చూస్తున్నాయి, నగరం వదిలే గాలినీ, పొలంలో నిలబడ్డ ఆకునూ. ఆ లెక్క ముందుగా చేరవలసింది మీకే. చేరడం లేదన్నదే నా బాధ.

అంత ఎత్తు నుంచి వాసన లేని, రంగు లేని వాయువును ఎలా కొలుస్తారు? మన చాల్‌లలో మిల్లు పని చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. సూర్యుడి వెలుగును మగ్గం మీది పడుగు అనుకోండి. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఎరుపుకు అవతల కంటికి ఆనని పరారుణం, ఇలా వేల పోగులు పక్కపక్కన పరుచుకుని ఉంటాయి. ఆ వెలుగు గాలిలోంచి దిగి, నేలను తాకి, మళ్లీ గాలిలోంచే పైకి పోతుంది. దారిలో ఒక్కో వాయువు తన పోగులనే ఏరి తెంపుతుంది, పక్కవాటి జోలికి పోదు. మీథేన్‌కు 1.65 మైక్రాన్ల దగ్గర కొన్ని, 2.3 మైక్రాన్ల దగ్గర కొన్ని. బొగ్గుపులుసు వాయువుకు 1.6 దగ్గరా 2.06 దగ్గరా. ఉపగ్రహంలోని పరికరం ఆ పడుగును విప్పి, ఏ పోగు ఎంత సన్నబడిందో చూస్తుంది. తెగినవాటిని బట్టి కింద గాలిలో ఏ వాయువు ఎంత ఉందో లెక్క తేలుతుంది.

అంతటితో పని అయిపోదు. గాలిలో ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, గంటకు ఎంత లేస్తోందన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి గాలి వేగం తెలియాలి. గుట్ట మీద నుంచి లేచిన వాయువు గాలివాటున తోకలా సాగుతుంది. ఆ తోకలో ఎంత వాయువుంది, గాలి దాన్ని ఎంత వేగంగా లాక్కుపోతోంది, ఈ రెండూ కలిపితేనే గంటకు ఇన్ని టన్నులని చెప్పగలరు. పొద్దున్నొకలా మధ్యాహ్నమొకలా వీచే ముంబయి సముద్రపు గాలి దగ్గర ఇది సులువైన పని కాదు. అందుకే శాస్త్రవేత్తలు ఒకసారి చూసి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ చూస్తారు, అంకెతోపాటు ఇటూ అటూ ఎంత తేడా ఉండొచ్చో కూడా రాస్తారు. తన తప్పు ఎంతుండొచ్చో తానే చెప్పే లెక్క అంటే నాకు గౌరవం. మన ఆఫీసుల్లోంచి వచ్చే అంకెల్లో ఆ మర్యాద అరుదు.

ఇంకొక సంగతి. సెంటినెల్-5పీ ఉపగ్రహం 2017 అక్టోబర్‌లో పైకి వెళ్లింది. రోజూ భూమి మొత్తాన్ని చూస్తుంది. కాని దాని చూపు మోటుది. ఏడు కిలోమీటర్ల పొడవు, అయిదున్నర కిలోమీటర్ల వెడల్పున్న ముక్క దానికి ఒక్క చుక్క. కొలాబా నుంచి మాహిం, సయన్ దాకా ఉన్న పాత ద్వీప నగరమంతా కలిపినా వైశాల్యంలో దానికి దాదాపు రెండు చుక్కలే. గ్రాంట్ రోడ్, కామాఠీపురా, భైకళా, లాల్‌బాగ్ అన్నీ ఒకే చుక్కలో కలిసిపోవచ్చు. క్లేర్ జాతి ఉపగ్రహాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి చూపు యాభై మీటర్లు, కొత్తవాటిలో పాతిక మీటర్ల దాకా పదునైనది. కాని అవి భూమినంతా చూడలేవు, ఎక్కడ చూడాలో ముందు ఎవరో చెప్పాలి. అందుకే మోటు చూపు ఉన్నది చోటు పసిగడితే, పదును చూపు ఉన్నది దొంగను పట్టిస్తుంది. 2019 మొదట్లో క్లేర్ తుర్క్‌మెనిస్తాన్‌లో ఒక బురద అగ్నిపర్వతం కోసం చూస్తుంటే, దగ్గర్లోని గ్యాస్ కేంద్రం నుంచి పెద్ద మీథేన్ ధార కంటబడింది. ఆ కబురు అక్కడివాళ్లకు చేరాక కొన్ని నెలల్లో ఆ ధార ఆగిపోయింది. ఎవరూ చూడనంతకాలం అది అలా పోతూనే ఉంది.

ఇప్పుడు మన గుట్టల దగ్గరికి వద్దాం. ముంబయి రోజుకు 6 వేల టన్నులకు పైగా చెత్త వదులుతుంది. దేవనార్ గుట్ట దాదాపు వందేళ్ల నాటిది. కాంజూర్‌మార్గ్ కొత్తది, ఇప్పుడు ఎక్కువ చెత్త అక్కడికే పోతోంది. 2016 జనవరి చివర్లో దేవనార్ గుట్ట అంటుకుని రోజుల తరబడి మండింది. ఆ పొగ నాసా ఉపగ్రహాల చిత్రాల్లో కూడా కనపడింది. గోవండీ, చెంబూర్ వైపు బడులు మూసేశారు. చెత్తగుట్ట అంతలా ఎందుకు మండుతుందంటే కారణం ఆ మీథేనే. మనం పారేసే అన్నం, కూరగాయల తొక్కలు, చేపల పొట్టు గాలి తగిలేచోట పడితే కుళ్లి మట్టిలో కలుస్తాయి. పది మీటర్ల చెత్త కింద కూరుకుపోతే గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు ఆ తిండిని మీథేన్‌గా మారుస్తాయి. గుట్ట లోపలినుంచి వచ్చే వాయువులో సుమారు సగం అదే. మనం వంటకు వాడే పైపు గ్యాసులోనూ ఉండేది ఇదే. ఎండాకాలం లోపలి వేడికి అది అంటుకుంటే నీళ్లు చల్లినా తొందరగా ఆరదు.

మండితే పొగ. మండకపోతే ఇంకో నష్టం. మీథేన్ గాలిలో పదేళ్ల పైచిలుకే ఉంటుంది గానీ, ఉన్నన్నాళ్లూ వేడిని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువుకన్నా ఎనభై రెట్లు. పరిశ్రమలు రాకముందు గాలిలో ఉన్నదానితో పోలిస్తే ఇప్పుడది రెండున్నర రెట్లు దాటింది. ఇది తొందరగా చెదిరిపోయే వాయువు కనుక, ఇవాళ ఆపితే ఆ మేలు మన పిల్లల కాలంలోనే కనపడుతుంది. బొగ్గుపులుసు వాయువు అలా కాదు, ఇవాళ వదిలినదాంట్లో కొంత వందల ఏళ్లు పైనే ఉంటుంది. చెత్తగుట్టలను చక్కబెట్టడం అంత ముఖ్యమని నేను నమ్మేది ఇందుకే.

మరి ఇంతకాలం లెక్క ఎందుకు తప్పింది? ఎవరూ అబద్ధమాడలేదు. నగరంలో ఇంత జనం, తలకు ఇంత చెత్త, అందులో కుళ్లేది ఇంత శాతం, అది ఇన్నేళ్లలో ఇంత మీథేన్ అవుతుంది, ఇలా ఒక సూత్రం పెట్టి గుణించుకుంటూ పోతారు. ప్రతి మెట్టులోనూ ఒక ఊహ ఉంటుంది. మన చెత్తలో సగానికి పైగా తడిది, వానాకాలం నాలుగు నెలలూ అది నానుతుంది. ఇంకెక్కడి గుట్టల కోసమో కట్టిన సూత్రం ఇక్కడి గుట్టకు అతకదు. అంచనా ఎక్కడ తప్పిందో ఎవరైనా వెళ్లి కొలిస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు కొలిచారు.

చెయ్యలేని పని కూడా కాదు ఇది. బోరివలి అవతల గోరాయ్ గుట్టను 2007లో మూసేసి, పైన పొరలు కప్పి, పైపులు దించి లోపలి వాయువును పట్టారు. మన నగరంలోనే జరిగిన పని. అంతకన్నా ముందు మెట్టు ఇంకా తేలికైనది, తడి చెత్త అసలు గుట్టకే పోకుండా చూడటం. ఇంటి దగ్గరే వేరు చెయ్యాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఓలా కచరా, సుకా కచరా, అంటే తడి చెత్త, పొడి చెత్త అని మున్సిపాలిటీ బండి అరుస్తూనే ఉంటుంది. కాని పది బై పది ఖోలీలో ఆరుగురు పడుకునే చోట రెండు డబ్బాలు ఎక్కడ పెట్టాలి? నీళ్ల డ్రమ్ము పక్కనా, పొయ్యి కిందా? వేరు చేసి తెచ్చిన చెత్తను కూడా ఒకే బండిలో కలిపేస్తే ఆ ఇల్లాలికి మళ్లీ వేరు చెయ్యాలని ఎందుకనిపిస్తుంది? చాల్‌కు ఒక ఉమ్మడి తొట్టి, రోజూ తడిదాన్ని విడిగా తీసుకెళ్లే బండి, దగ్గర్లో ఎరువు చేసే చోటు, ఈ మూడూ మున్సిపాలిటీ ఇవ్వవలసినవి. ఇవ్వకుండా పేదవాళ్లకు శుభ్రత తెలియదనడం నేను ఒప్పుకోను. గుట్టల చుట్టూ చెత్త ఏరుకుని బతికే కుటుంబాలున్నాయి. ప్లాస్టిక్, ఇనుము, అట్టలు విడదీసి ఈ నగరానికి వాళ్లు చేస్తున్న మేలుకు జీతం లేదు. గుట్ట మూస్తే వాళ్లకు దారేమిటో కూడా ఆ పథకంలోనే రాయాలి.

గాలి సంగతి ఇంతవరకూ. ఆకు దగ్గరికి వెళ్దాం, ఇక్కడ కథ మన దేశానిదే.

1970 ప్రాంతంలో కేరళ కొబ్బరితోటలను వేరు తెగులు పీడిస్తోంది. పిషారొటీ అనే శాస్త్రవేత్త, ఆయనను భారత దూర సంవేదన పితామహుడంటారు, హెలికాప్టర్‌లో పరారుణ ఫిల్ము వేసిన కెమెరా పెట్టుకుని ఆ తోటల మీద ఎగిరారు. కంటికి ఒకేలా పచ్చగా కనపడే చెట్లలో తెగులు పట్టినవి ఆ ఫిల్ము మీద వేరే రంగులో తేలాయి. మన దేశంలో పై నుంచి నేలను చదవడం మొదలైంది ఒక చెట్టు జబ్బుతో. ఆ తర్వాత 1974-75లో అనంతపురం జిల్లాను, పంజాబ్‌లో పటియాలాను ఎంచుకుని, విమానం నుంచి తీసిన పరారుణ చిత్రాలతో పంటల లెక్క తీశారు. ఆ ప్రయోగం పేరు అరైజ్. కరువు సీమను ముందుగా ఎంచుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. అదే 1974లో హైదరాబాద్‌లో జాతీయ దూర సంవేదన సంస్థ వెలిసింది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటున్నాం. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే దాని పెద్ద కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. షాద్‌నగర్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. మన పాలమూరు నేలే.

ఆకు ఆరోగ్యం వెలుగులో ఎలా తెలుస్తుంది? బలంగా ఉన్న ఆకు ఎరుపు వెలుగును తినేస్తుంది, దానితోనే అన్నం వండుకుంటుంది. ఎరుపుకు అవతలి పరారుణాన్ని మాత్రం తిప్పికొడుతుంది, పడినదాంట్లో సుమారు సగం. నీరు లేక వాడినా, తెగులు పట్టినా ఈ తేడా తగ్గిపోతుంది. రెండు వెలుగుల తేడాను వాటి మొత్తంతో భాగించి ఒక అంకె చేస్తారు, ఎన్‌డీవీఐ అంటారు దాన్ని. సున్నాకు దగ్గరగా ఉంటే బీడు, ఒకటి వైపు పోతున్నకొద్దీ దట్టమైన పచ్చదనం. 1980ల చివరి నుంచి ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్లు ఈ అంకెతోనే వానాకాలంలో ఏ జిల్లాలో కరువు కమ్ముకొస్తోందో నివేదికలు తయారుచేశారు. ఇప్పుడా పని ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం చూస్తోంది.

మీ రెండెకరాలు ఇందులో కనపడతాయా? పాత ఉపగ్రహాల్లో కొన్నిటికి ఒక చుక్కే పదిహేనెకరాలు, మీ చేను ఊళ్లో కలిసిపోయేది. ఇప్పుడు సెంటినెల్-2 జంట ఉపగ్రహాలకు ఒక చుక్క పది మీటర్ల చదరం. రెండెకరాలంటే అలాంటివి సుమారు 80. అయిదు రోజులకొకసారి ఆ 80 చుక్కల రంగూ మారుతుందో లేదో చూడొచ్చు. కందిచేనులో ఒక మూల ఎండుతుంటే ఆ మూల తెలుస్తుంది. అయితే కంది పచ్చనా కలుపు పచ్చనా అన్నది ఆ అంకె చెప్పదు. అప్పుడు చేలో దిగాలి, మనిషి చూడాలి.

2019లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం 2000 నుంచి 2017 మధ్య భూమి మీద పెరిగిన పచ్చదనంలో మూడోవంతు చైనా, భారతదేశాలదే. మన దేశంలో పెరిగినదాంట్లో నూటికి 82 పాళ్లు అడవి కాదు, పంటపొలాలే. చాలామంది దీన్ని గర్వంగా చెప్పుకున్నారు. నాకు గర్వంతోపాటు దిగులూ కలిగింది. ఆ పచ్చదనం కింద ఎన్ని బోర్లున్నాయో, ఎంత లోతుకు దించిన బోర్లో ఆ చిత్రంలో ఉండదు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో బోరు వేసి పండించిన మడి కూడా పై నుంచి అందమైన ఆకుపచ్చే.

గాలి, ఆకు రెండు వేరు కథలుగా చెప్పుకొచ్చాను. అవి కలిసిన చోటు ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 2009 జనవరిలో జపాన్ గోశాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది, బొగ్గుపులుసు వాయువునూ మీథేన్‌నూ కొలవడానికి. దాని పరికరం వెలుగును ఎంత సన్నగా విడదీస్తుందంటే, రెండేళ్ల తర్వాత, 2011లో, ఇంకో సంగతి కూడా అందులోంచి చదవగలిగారు. ఆకు తాను తీసుకున్న వెలుగులో ఒకటి రెండు శాతాన్ని ముదురు ఎరుపు కాంతిగా తిరిగి విడుస్తుంది. మన కంటికి ఆనదు. సూర్యుడి పడుగులో కొన్ని పోగులు బయల్దేరేటప్పుడే సన్నబడి ఉంటాయి, సూర్యుడి పై పొరలే వాటిని తింటాయి. ఆకుల నుంచి వచ్చే ఆ కొంచెం వెలుగు ఆ ఖాళీల్లో చేరి వాటిని పిసరంత నింపుతుంది. ఆ పిసరును కొలిస్తే, కింద పైరు ఆ క్షణంలో ఎంత చురుగ్గా పనిచేస్తోందో తెలుస్తుంది. దాహం వేసిన పైరు రంగు మారకముందే ఆ కాంతి తగ్గుతుంది. వాయువు కోసం పంపిన కన్ను ఆకు నాడి కూడా పట్టింది. 2014 జులైలో వెళ్లిన నాసా ఓసీఓ-2 కూడా ఈ రెండు పనులూ చేస్తోంది. దానికి ముందు పంపిన ఓసీఓ 2009 ఫిబ్రవరిలో కక్ష్య చేరకుండానే పడిపోయింది, శాస్త్రవేత్తలు మళ్లీ మొదట్నుంచి కట్టుకొచ్చారు.

పై నుంచి చదివింది నిజమో కాదో చెప్పాలంటే కింద కొలిచేవాళ్లుండాలి. ఆ పని షాద్‌నగర్‌లో జరిగింది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలు 2014లో అక్కడి గాలిని ఏడాది పొడవునా కొలిచారు. బొగ్గుపులుసు వాయువు సగటున పది లక్షల పాళ్లలో 394 పాళ్లు, మీథేన్ 1.92. వేసవిలో వానలకు ముందు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంది, వానాకాలంలో అన్నిటికన్నా తక్కువగా ఉంది. పచ్చదనం పెరిగినప్పుడల్లా గాలిలో ఆ వాయువు తగ్గింది. పాలమూరులో జొన్న, కంది, పత్తి మొలకెత్తి ఆకులేస్తున్న ఆ రోజుల్లో గాలి నిజంగానే పలచబడుతోందన్నమాట.

ఇక్కడొక చిక్కుంది. పైరు బతుకంతా వానాకాలంలోనే, ఆ నాలుగు నెలలూ మబ్బే. ఇప్పటిదాకా చెప్పిన పరికరాలకు మబ్బు కింద ఏముందో కనపడదు. ఖరీఫ్ పంట అసలు కథ నడిచేటప్పుడు ఆకాశానికి కళ్లు మూసుకుపోతాయి. రాడార్‌కు ఆ అడ్డు లేదు, తన తరంగాలను తానే పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. 2012 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన రీశాట్-1 వరి విస్తీర్ణం లెక్కకు బాగా పనికొచ్చింది. 2025 జులై 30న అక్కడి నుంచే నైసార్ వెళ్లింది. ఇస్రో, నాసా కలిసి చేసింది. పన్నెండు మీటర్ల రాడార్ గొడుగు విప్పుకుని పన్నెండు రోజులకొకసారి ఒకే చోటును మళ్లీ చూస్తుంది, మబ్బున్నా చీకటున్నా.

ఈ లెక్క రైతు చేతికి డబ్బుగా మారేది బీమా దగ్గర. ఊరికి నాలుగు చోట్ల అయిదు మీటర్ల చదరం గీసి, పంట కోసి, తూచి, దాన్నిబట్టి ఊరంతటి దిగుబడి చెప్పే పద్ధతిని పంట కోత ప్రయోగం అంటారు. ఏ చేలో గీత గీశారన్నదాన్ని బట్టి ఊరి తలరాత మారేది. 2023 ఖరీఫ్ నుంచి కేంద్ర ఫసల్ బీమాలో వరి దిగుబడికి ఉపగ్రహ అంచనాకూ 30 శాతం తూకం ఇచ్చారు. 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పథకం నుంచి బయటికొచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి చేరింది. పథకం ఏదైనా కానివ్వండి, నా చేను చిత్రం నాకు చూపించండి, ఏ తేదీన ఎండిందో అందులో ఉంది అని అడిగే హక్కు రైతుకు రాసివ్వాలి. ముంబయిలో కూలి చేసుకుంటూ ఊళ్లో లేకపోయినందుకు నష్టపరిహారం జాబితాలోంచి పేరు జారిపోయిన మనవాళ్లకు అంతకన్నా గట్టి సాక్షి దొరకదు.

వరి మాట వచ్చింది కనుక ఒకటి దాచకుండా చెప్పాలి. నీళ్లు నిలిచిన వరిమడిలోనూ మీథేన్ పుడుతుంది, చెత్తగుట్టలో లాగే, గాలి అందని బురదలో. 2021లో గ్లాస్గోలో మీథేన్ తగ్గిస్తామని చాలా దేశాలు ప్రతిజ్ఞ చేస్తే భారత్ సంతకం చెయ్యలేదు. చిన్న రైతు మడినీ, ఇంటి ముందు కట్టేసిన గేదెనూ, గ్యాస్ కంపెనీల కారే పైపులతో ఒకే గాటన కట్టొద్దన్న వాదన వెనక న్యాయముంది, నేను దాన్ని సమర్థిస్తాను. కాని ఆ న్యాయం నగరపు చెత్తగుట్టకు వర్తించదు. ఎవరి పంటా ఎవరి పాడీ ఆ గుట్టలో లేదు. ఇక మడిలో కూడా మార్గముంది. నీళ్లు ఎప్పుడూ నిలపకుండా మధ్యమధ్య ఆరనిచ్చి పెడితే మీథేన్ మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, బోరు కూడా తక్కువ నడుస్తుంది. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన శ్రీ వరి సాగులో ఈ ఆరబెట్టడం ఒక భాగం. కలుపు తియ్యడానికి మనుషులు దొరక్క చాలామంది దాన్ని వదిలేశారు. ఆ మనుషుల్లో కొందరు ఇప్పుడు నా మాటలు వింటున్నారు, గ్రాంట్ రోడ్‌లో.

చివరగా, ఈ లెక్కలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న సంగతి. ఐరోపా సెంటినెల్ చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. చెత్తగుట్టను విడిగా చూపే పదును చూపు మాత్రం చాలావరకు డబ్బిచ్చి కొనుక్కునేది. మీథేన్ లెక్కలను అందరికీ ఉచితంగా ఇస్తామని 2024 మార్చిలో మీథేన్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు, 2025 జూన్‌లో దాంతో సంబంధం తెగిపోయింది. మంగళయానం కోసం మీథేన్ పరికరం తయారుచేసి 2013లో శ్రీహరికోట నుంచి అంగారకుడి దాకా పంపిన దేశం మనది. మన చెత్తగుట్టల మీదికి అలాంటి కన్ను ఒకటి తిప్పమని ఇస్రోను అడగడం పెద్ద కోరిక కాదు.

అంతదాకా మనం ఆగనక్కర్లేదు. మీ వార్డు ఆఫీసుకు ఈసారి నీళ్ల గురించో డ్రైనేజీ గురించో వెళ్లినప్పుడు ఇంకో కాగితం కూడా ఇవ్వండి. మరాఠీలో రాయించండి, పక్క చాల్‌వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. మా గల్లీ నుంచి తడి చెత్త రోజుకు ఎన్ని కిలోలు విడిగా వెళ్తోంది? అది ఎక్కడికి వెళ్తోంది? దేవనార్, కాంజూర్‌మార్గ్ గుట్టల నుంచి ఎంత మీథేన్ పట్టారు, ఎంత గాలిలో పోయింది, అది కొలిచిన అంకెనా, అంచనా వేసినదా? జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఊళ్లో తమ్ముడితో మాట్లాడినప్పుడు వ్యవసాయ అధికారిని ఈ ఖరీఫ్‌లో మన చేను ఉపగ్రహ చిత్రం చూపించమని అడగమనండి, సర్వే నంబరు దగ్గర పెట్టుకుని వెళ్లమనండి.